పాత బ్రిటిష్ లారీల్లో ఏది ఎవరికి నప్పుతుంది?

బ్రిటన్‌లో స్థిరపడి, కొంత తీరిక, కొంత డబ్బు చేతికొచ్చాక, 1950ల నాటి లారీ ఒకటి సొంతం చేసుకోవాలని ఆశపడే తెలుగువారు నాకు ఏటా ఒకరిద్దరైనా తారసపడుతూనే ఉన్నారు. వారిలో చాలామంది తండ్రులో మేనమామలో లేలాండ్ గాని బెడ్‌ఫోర్డ్ గాని నడిపినవారే. మా నాన్నగారు విజయవాడ నుంచి మద్రాసుకు లేలాండ్ కామెట్ నడిపారు. నేను ఇప్పుడు ఉండేది ఆ లారీకి పేరిచ్చిన లేలాండ్ ఊరికి ఆరేడు మైళ్ల దూరంలో, ప్రెస్టన్ పక్కన. అందువల్ల ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. అడిగినవారందరికీ నేను మొదట చెప్పేది ఒక్కటే: అందమైన లారీని కాదు, మీరు నడపగలిగే, నడిచే స్థితిలో నిలబెట్టుకోగలిగే లారీని కొనండి. పాత లారీ జ్ఞాపకం ఇంజిను చప్పుడులో, ఎక్కుడు దారిలో గేరు మార్చే క్షణంలో, వేడెక్కిన డీజిలు వాసనలో ఉంటుంది. ఇంటి వెనక పట్టా కింద ఏళ్ల తరబడి నిలబడిపోయిన లారీలో అవేవీ మిగలవు.

ఈ వ్యాసంలో ఐదు రకాలను పోలుస్తున్నాను: బెడ్‌ఫోర్డ్ టీకే, లేలాండ్ కామెట్, కామర్ టీఎస్‌3, గార్డ్‌నర్ ఇంజిను ఉన్న ఎనిమిది చక్రాల లారీ, స్కామెల్ స్కారబ్. ఆవిరి లారీలను వదిలేశాను, ఎందుకంటే బాయిలరు ఉన్న వాహనం పోషణ పూర్తిగా వేరే విద్య.

ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు లైసెన్సు సంగతి చూసుకోవాలి. బ్రిటన్‌లో 1997 జనవరి 1కి ముందు కారు పరీక్ష నెగ్గినవారు 7.5 టన్నుల వాహనం వరకు నడపవచ్చు. ఆ తర్వాత నెగ్గినవారికి మామూలుగా 3.5 టన్నులే పరిమితి. మన దేశపు లైసెన్సును ఇక్కడ మార్చి ఇవ్వరు, ఇక్కడి పరీక్ష రాసి నెగ్గవలసిందే కాబట్టి, 2000 తర్వాత వచ్చిన మనవాళ్లందరూ రెండో వర్గంలోకే వస్తారు. అయితే నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది: 1960 జనవరి 1కి ముందు తయారైన సరుకు లారీని, సరుకు లేకుండా, ట్రెయిలరు తగిలించకుండా నడిపితే, వయసు, అనుభవం షరతులకు లోబడి కారు లైసెన్సే సరిపోతుంది. ఈ ఒక్క తేదీ మీ ఎంపికను సగం తేల్చేస్తుంది. 1959లో తయారైన పెద్ద లారీని చట్టప్రకారం నడపగలిగిన మనిషి, అంతకంటే చిన్నదైన 1961 నాటి లారీని నడపలేకపోవచ్చు. కాబట్టి బేరానికి దిగే ముందు తయారీ సంవత్సరాన్ని కాగితాల్లోను, చాసీ సంఖ్యలోను రెండు చోట్లా సరిచూసుకోండి. 40 ఏళ్లు నిండిన వాహనాన్ని చారిత్రక వర్గంలో నమోదు చేయించుకుంటే రోడ్డు పన్ను ఉండదు గాని, ఆ నమోదు దానంతట అది జరగదు, యజమానే అడిగి చేయించుకోవాలి.

రెండో విషయం చోటు. ఇక్కడి ఇళ్ల ముందు రెండు కార్లు పట్టడమే గగనం. ఊరి బయట రైతు దగ్గర షెడ్డు అద్దెకు దొరకవచ్చు, కాని దానికి పైకప్పు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి, మీరు వారానికి ఒక్కసారైనా వెళ్లి చూడగలిగే దూరంలో ఉండాలి. ఇంగ్లండు వానకు ఆరుబయట విడిచిన క్యాబిను మూడు శీతకాలాలు గడిచేసరికి పాడైపోతుంది. షెడ్డు కుదరకముందే లారీ కొనడం ఏనుగును కొని అంకుశానికి బేరమాడడం లాంటిది.

విడిభాగాల విషయంలో నియమం తేలిక: ఎన్ని ఎక్కువ తయారైతే అంత సులువుగా దొరుకుతాయి. వేగం గురించి మాత్రం కాస్త ఆలోచించాలి. 1957 వరకు బ్రిటన్‌లో బరువైన లారీలకు చట్టం అనుమతించిన వేగం గంటకు 20 మైళ్లే, ఆ ఏడే దాన్ని 30కి పెంచారు. మొదటి మోటారు రహదారి అయిన ప్రెస్టన్ బైపాస్ తెరుచుకున్నది 1958 డిసెంబరులో. అంతకు ముందు పుట్టిన లారీల గేర్లు, బ్రేకులు ఆ వేగాలకు, ఆ రోడ్లకు తగ్గట్టు చేసినవి. గంటకు 56 మైళ్లతో వెళ్లే ఇప్పటి లారీల మధ్య 35 మైళ్లతో సాగడం మీకు, వెనక వచ్చేవారికి ఇద్దరికీ ప్రమాదమే కాబట్టి, మీ ఇంటి చుట్టూ పాత రోడ్లు ఉన్నాయో లేవో కూడా చూసుకోవాలి.

| లారీ | పుట్టిన చోటు, మొదటి ఏడు | కారు లైసెన్సుతో | చోటు | విడిభాగాలు | ఎక్కువగా నచ్చేది |
|---|---|---|---|---|---|
| బెడ్‌ఫోర్డ్ టీకే | డన్‌స్టబుల్, 1960 | వీలుకాదు (తేలికపాటి రకానికి పాత కారు లైసెన్సు చాలు) | మధ్యస్థం | తేలిక | తరచూ నడపాలనుకునేవారికి |
| లేలాండ్ కామెట్ | లేలాండ్, 1947 | 1960కి ముందువి, ఖాళీగా | మధ్యస్థం | ఓపిక కావాలి | మన లారీల మూలం వెతికేవారికి |
| కామర్ టీఎస్‌3 | లూటన్, 1954 | 1960కి ముందువి, ఖాళీగా | మధ్యస్థం | కష్టం | ఇంజిను పని తెలిసినవారికి |
| గార్డ్‌నర్ ఎనిమిది చక్రాలు | శాండ్‌బాచ్, ప్రెస్టన్ | 1960కి ముందువి, ఖాళీగా | చాలా ఎక్కువ | ఇంజినుకు తేలిక, క్యాబినుకు కష్టం | నలుగురు కలిసి కొనేవారికి |
| స్కామెల్ స్కారబ్ | వాట్‌ఫోర్డ్, 1948 | 1960కి ముందువి, ట్రెయిలరు లేకుండా | తక్కువ | కష్టం | చోటు లేనివారికి |

బెడ్‌ఫోర్డ్ టీకే

మన దగ్గర హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన ముక్కు బెడ్‌ఫోర్డ్ చూసిన కళ్లకు టీకే కొత్తగా కనిపిస్తుంది. ముందు ముక్కు లేదు, ఇంజిను సీటు వెనక ఉంటుంది, తలుపుల వెనక రెండు వైపులా ఉన్న రేకు మూతలు ఎత్తితే చెయ్యి నేరుగా ఇంజిను మీద పడుతుంది. క్యాబిను ఎత్తనక్కరలేదు, సీటు తీయనక్కరలేదు. ఫిల్టరు మార్చడానికైనా, ఇంజెక్టరు పైపు బిగించడానికైనా నేల మీద నిలబడే పని చేసుకోవచ్చు. సొంతంగా రిపేరు నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే అనువైన లారీ నాకు కనిపించలేదు. పాల వ్యాపారుల నుంచి గుర్రాల రవాణా వరకు ఇది చేయని పని లేదు, రెండు దశాబ్దాలకు పైగా తయారైంది, అందుకే విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

దీని లోపం లైసెన్సు దగ్గర వస్తుంది. 1960లో మొదలైంది కాబట్టి పైన చెప్పిన వెసులుబాటు దీనికి దొరకదు. 1997కి ముందు పరీక్ష నెగ్గినవారు 7.5 టన్నుల లోపు రకాన్ని ఏ చిక్కూ లేకుండా నడపవచ్చు. తక్కినవారు లారీ పరీక్షకు వెళ్లాలి. ఆ పరీక్షకు అయ్యే డబ్బు, సమయం వృథా అని నేను అనుకోను, అది నేర్పే జాగ్రత్త పాత లారీకి అవసరమే. క్యాబిను మెట్టు దగ్గర, ముందు అద్దం కింద తుప్పు పడుతుంది, అక్కడ తప్పక తట్టి చూడండి.

లేలాండ్ కామెట్

ఇది నా మనసుకు దగ్గరి లారీ, ఆ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను. 1948లో మద్రాసులో ఆస్టిన్ కార్లు బిగించడానికి పుట్టిన అశోక్ మోటార్స్, కొద్ది ఏళ్లకే లేలాండ్‌తో ఒప్పందం కుదుర్చుకుని ఎన్నూరులో కామెట్ బిగించడం మొదలుపెట్టి, తర్వాత అశోక్ లేలాండ్ అయింది. కామెట్ అనే పేరు ఇంగ్లండులో మరుగున పడ్డాక కూడా మన రోడ్ల మీద దశాబ్దాల పాటు బతికింది. తొలి నమూనాకు పొడవాటి ముక్కు, దాని ముందు అడ్డపట్టీల జాలీ ఉంటాయి. ఆ తర్వాత ముక్కు లేని రకం వచ్చింది. మొదటిదాన్ని దాని 75 అశ్వశక్తుల ఇంజిను పేరుతోనే కామెట్ 75 అన్నారు, తర్వాతిది కామెట్ 90.

నడపడానికి ఇది మన పాత డ్రైవర్ల చేతికి బాగా తెలిసిన బండి. గేరు మార్చాలంటే క్లచ్ ఒకసారి తొక్కి గేరు వదిలి, యాక్సిలరేటరు లయ సరిచేసి, మళ్లీ క్లచ్ తొక్కి వేయాలి. మా నాన్నగారు 2011లో మా ఇంటికి వచ్చినప్పుడు, ఒక ప్రదర్శనలో యజమాని అనుమతితో కామెట్ ఎక్కి కూర్చున్నారు. ఇంజిను ఆడటం లేదు, అయినా ఆయన ఎడమ కాలు రెండుసార్లు కిందికి వెళ్లింది, ఎడమ చెయ్యి గేరు కడ్డీని మధ్యలో ఒక్క క్షణం ఆపి ముందుకు నెట్టింది. డెబ్బై దాటిన మనిషి ఒంట్లో ఆ లయ అలాగే ఉండిపోయింది. ఆ పక్కనే నిలబడిన లాంకషైరు ముసలి డ్రైవరు ఒక్క మాట మాట్లాడకుండా ఆయన భుజం తట్టాడు.

ఇక లెక్కకు వద్దాం. ఇంగ్లండులో మిగిలిన కామెట్లు తక్కువ, అందులో ముక్కు ఉన్నవి ఇంకా తక్కువ. రేకు పని తెలిసినవారి చేత జాలీలు, మడ్‌గార్డులు కొత్తగా చేయించుకోవలసి రావచ్చు. మన దేశం నుంచి ఇంజిను భాగాలు తెప్పించుకుందామనే ఆలోచన అందరికీ వస్తుంది. ఎన్నూరు ఇంజిన్లు ఈ వంశానివే అయినా అక్కడ వాటిని కాలక్రమంలో మార్చుకుంటూ వెళ్లారు కాబట్టి, పాత భాగాన్ని కొలిచి, దాని మీది సంఖ్యను సరిపోల్చుకోకుండా డబ్బు పంపవద్దు. టైర్ల దగ్గర మాత్రం ఊరట ఉంది: 9.00–20 లాంటి కొలతలు మన లారీలవల్లే ఇంకా కొత్తగా తయారవుతున్నాయి.

కామర్ టీఎస్‌3

ఈ లారీని చూసి ఇష్టపడేవారు తక్కువ, విని ఇష్టపడేవారే ఎక్కువ. క్యాబిను నేల కింద పడుకోబెట్టినట్టు అమర్చిన ఈ ఇంజినులో సిలిండర్లు మూడే, పిస్టన్లు మాత్రం ఆరు: ఒక్కో సిలిండరులో రెండు పిస్టన్లు ఎదురెదురుగా కదులుతాయి, పైన మూత అనేదే లేదు. గాలిని బ్లోయరు నెడుతుంది. 3.26 లీటర్ల చిన్న ఇంజిను నుంచి 105 అశ్వశక్తులు రాబట్టడం 1954లో చిన్న విషయం కాదు. రెండు స్ట్రోకుల ఇంజిను కాబట్టి దాని చప్పుడు ఉరుము ఆగకుండా దొర్లినట్టు ఉంటుంది, ఎక్కుడు దారిలో అర మైలు ముందే తెలిసిపోతుంది. దాని తర్వాతి రూపంగా నాలుగు సిలిండర్ల ఇంజిను సిద్ధమవుతుండగా కామర్ యజమాని అయిన రూట్స్ గ్రూపు అమెరికా కంపెనీ క్రైస్లర్ చేతికి వెళ్లింది, ఆ పని అక్కడితో ఆగిపోయింది.

ఆ చప్పుడు కోసమే కొనాలనుకుంటే కొనండి, కాని ఇంజిను విప్పి బిగించడం తెలిసిన మనిషి మీకు ముందే పరిచయమై ఉండాలి. బ్లోయరు అరిగినా, పిస్టను రింగులు పోయినా మామూలు డీజిలు మెకానిక్కు దీన్ని ముట్టుకోవడానికి జంకుతాడు. మొదటి లారీగా దీన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

గార్డ్‌నర్ ఇంజిను ఉన్న ఎనిమిది చక్రాల లారీ

ఆ కాలపు సరుకు రవాణా అనగానే ఇక్కడి పెద్దల కళ్ల ముందు మెదిలేది ఇదే. ముందు రెండు ఇరుసులూ స్టీరింగుతో తిరుగుతాయి, వెనక రెండు ఇరుసులు, నడుమ 30 అడుగుల పొడవు, దాని మీద తాళ్లతో బిగించిన పట్టా. చెషైరులోని శాండ్‌బాచ్ అనే చిన్న ఊళ్లో ఫోడెన్ ఒక పక్క, ఆ కుటుంబం నుంచే విడివడిన ఎడ్విన్ రిచర్డ్ ఫోడెన్ 1933లో మొదలుపెట్టిన ఈఆర్‌ఎఫ్ మరో పక్క ఇలాంటివి చేశాయి. ప్రెస్టన్‌లో అట్కిన్‌సన్ చేసింది. చాసీ ఎవరిదైనా చాలావాటిలో ఇంజిను మాత్రం మాంచెస్టరు దగ్గరి పాట్రిక్రాఫ్ట్‌లో తయారైన గార్డ్‌నర్. 6ఎల్‌డబ్ల్యూ అనే రకం 8.4 లీటర్లది, శక్తి మొదట 102, తర్వాత 112 అశ్వశక్తులు, నిమిషానికి 1,700 చుట్లు దాటదు. ఇరవై నాలుగు టన్నుల బరువును ఇప్పటి ఒక మంచి కారుకున్నంత శక్తితో లాగేది. నెమ్మదిగానే లాగేది, కాని తక్కువ డీజిలుతో, ఆగకుండా లాగేది. ఖాళీగా ఆడుతున్నప్పుడు దాని ఒక్కొక్క సిలిండరు దెబ్బను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అంత నిదానం.

ఇంజిను గురించి భయపడనక్కరలేదు. గార్డ్‌నర్ తెలిసినవారు, భాగాలు అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. కొనేవారిని ముంచేది క్యాబిను. ఈ క్యాబిన్లకు లోపల కర్ర చట్రం, పైన రేకు. నేను మొదట కొన్న లారీ క్యాబినుకు మెరిసే ఎర్ర రంగు, తలుపుల మీద బంగారు రంగు అక్షరాలు ఉండేవి. అమ్మినవారు చట్రం కొత్తదన్నారు, నేను నమ్మాను. ఇంటికి తెచ్చి తలుపు స్తంభం అడుగున స్క్రూడ్రైవరు మొన ఆనిస్తే, తడిసిన రస్కులోకి దిగినట్టు అంగుళం లోపలికి దిగింది. పైన పటారం, లోన లొటారం. ఆ చట్రాన్ని మళ్లీ కొత్త కర్రతో కట్టించడానికి లారీ ధరతో సమానంగా ఖర్చయింది. అందుకే చెబుతున్నాను, రంగు చూసి బేరం చేయకండి. తలుపులు తెరిచి, కీలు స్తంభాన్ని చేత్తో పైకి ఎత్తి చూడండి, అది ఊగితే వెనక్కి వచ్చేయండి.

ఒక్కరు మోయగలిగిన బరువు కాదిది. ఎనిమిది చక్రాల టైర్లు, 30 అడుగుల షెడ్డు, బీమా, మరమ్మతు అన్నీ కలిసి తడిసి మోపెడవుతాయి. ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని కొంటే బాగుంటుంది. చట్టం కారు లైసెన్సుతో నడపనిచ్చినా, ఇంత పొడవు బండిని శిక్షణ లేకుండా రోడ్డెక్కించడం నేను ఒప్పుకోను. గార్డ్‌నర్ దొరక్కపోతే సౌతాల్‌లో తయారైన ఏఈసీ మామత్ మేజరును కూడా చూడండి, దాని 9.6 లీటర్ల ఇంజిను వంశమే లండను రూట్‌మాస్టరు బస్సులోనూ ఉంది కాబట్టి, ఆ బస్సులను కాపాడుకుంటున్నవారి దగ్గర సలహా, సరంజామా రెండూ దొరుకుతాయి.

స్కామెల్ స్కారబ్

రైల్వే గూడ్సు యార్డుల్లో గుర్రపు బండ్ల స్థానంలోకి వచ్చిన మూడు చక్రాల బండి ఇది. స్కామెల్ 1934లో చేసిన మెకానికల్ హార్స్‌కు 1948లో వచ్చిన వారసురాలు. గుర్రం తిరగగలిగిన ప్రతి సందులోనూ తిరగాలన్నదే దీని లక్ష్యం కాబట్టి ముందు ఒకే చక్రం పెట్టారు, ట్రెయిలరు కిందికి వెనక్కి వెళితే దానంతట అదే తగులుకునే ఏర్పాటు చేశారు. ముందు భాగం మాత్రమే కొంటే, ఎత్తు సరిపోయిన చిన్న షెడ్డులో పెట్టుకోవచ్చు. దూర ప్రయాణాలకు పనికిరాదు, మలుపులో వేగం ఎక్కువైతే పక్కకు ఒరుగుతుంది. ప్రదర్శనలకు వేరే లారీ మీద ఎక్కించి తీసుకెళ్లడమే మేలు.

ఎవరికి ఏది

పిల్లలున్న ఇల్లు, నెలకు రెండు ఆదివారాలు మాత్రమే తీరిక, పనిముట్లతో పెద్దగా పరిచయం లేదు అన్నవారు లారీ పరీక్ష రాసి బెడ్‌ఫోర్డ్ టీకే తీసుకోవాలి. పరీక్ష వద్దనుకుంటే 1960కి ముందటి కామెట్, అదీ క్యాబిను పూర్తిగా ఉన్నది. 1950ల నాటి లారీ ఏది కొన్నా విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతల స్పానర్లు ఒక సెట్టు వెంటనే కొనుక్కోండి. ఇప్పటి మిల్లీమీటరు స్పానరుతో ఆ నట్లను తిప్పితే అంచులు గుండ్రమైపోయి తర్వాత ఎవరి వల్లా కావు. పదవీ విరమణ చేసి, చోటు, స్నేహితులు రెండూ ఉన్నవారికి గార్డ్‌నర్ ఇచ్చే తృప్తి వేరే ఏదీ ఇవ్వదు.

కొనే స్థోమత లేనివారు, లేదా స్వదేశం నుంచి చూడటానికి వచ్చేవారు వెలితి పడనక్కరలేదు. లేలాండ్ ఊళ్లోని వాణిజ్య వాహనాల మ్యూజియంలో ఈ వంశాలన్నిటి తీరు దగ్గరగా చూడవచ్చు. ఆడుతున్న ఇంజిన్లు వినాలంటే 1962 నుంచి మే నెల మొదట్లో జరుగుతున్న లండన్–బ్రైటన్ పాత వాణిజ్య వాహనాల యాత్ర మేలు. హైదరాబాదులో ఉన్నవారికి ఇంకా దగ్గరి దారి ఉంది: నిజాం రైల్వే 1932లో బస్సులు మొదలుపెట్టినప్పుడు నడిపినవి గ్లాస్గోలో పుట్టిన ఆల్బియన్లు, వాటిలో ఒకటి ఆర్టీసీ భద్రంగా దాచింది.

మొదటి ప్రయాణం

ఏది కొన్నా, మొదటి దూర ప్రయాణానికి కెండల్ నుంచి ఉత్తరంగా షాప్ కొండ మీదుగా వెళ్లే పాత ఏ6 రోడ్డును ఎంచుకోండి. 1970లో ఎం6 మోటారు రహదారి ఇక్కడ తెరుచుకునే వరకు ఇంగ్లండు, స్కాట్లండు మధ్య పడమటి వైపు లారీలన్నీ దాదాపు 1,400 అడుగుల ఎత్తున్న ఈ శిఖరం దాటే వెళ్లేవి. హీటరు లేని క్యాబిన్లలో, ఓవర్‌కోటు మీద ఓవర్‌కోటు వేసుకుని, మంచులో రాత్రంతా ఇరుక్కుపోయినవారు ఎందరో. శిఖరం దగ్గర రోడ్డు పక్కన వారి పేర ఒక స్మారక ఫలకం ఉంది. ఆ డ్రైవర్లతో పాటు, వాతావరణం చెడిపోయిన రాత్రుల్లో వారికి అన్నం పెట్టి తలదాచుకోనిచ్చిన స్థానికులను కూడా అది తలుచుకుంటుంది. ఇప్పుడు వాహనాలన్నీ ఎం6 మీదికి వెళ్లిపోయాయి కాబట్టి ఆదివారం ఉదయం ఆ దారి దాదాపు ఖాళీగా ఉంటుంది, 25 మైళ్ల వేగంతో ఎక్కినా వెనక ఎవరూ విసుక్కోరు. ఫలకం దగ్గర లారీ ఆపి, ఇంజిను కాసేపు ఖాళీగా ఆడనిచ్చి, దిగి ఒక్కో చక్రం దగ్గరికీ వెళ్లి బ్రేకు డ్రమ్ముకు అర చెయ్యి దూరంలో అరచేయి పెట్టి చూడండి. ఒకటి తక్కిన వాటికంటే వేడిగా తగిలితే ఆ చక్రానికి బ్రేకు పట్టేస్తోందని అర్థం. దాన్ని సరిచేసుకున్నాకే, ఏ గేరులో కొండ ఎక్కారో ఆ గేరులోనే అవతలికి దిగండి.